రోజుకు ఆరు గంటలు తల మీదే ఉండాలి: 15 వేలలో చెవి నొప్పి పెట్టని ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ ఏవి?

కథలపేటిక · నిజాంపేట, హైదరాబాద్

అందరికీ నమస్కారం. తెలుగు ఆడియో కథలకు ఎడిటింగ్ చేస్తాను. చదివినవాళ్ళ పెదవుల చప్పుళ్ళు, ఊపిరి శబ్దాలు, కాగితం తిప్పిన చప్పుడు వెతికి తీసేయడం నా పని. అందుకని రోజుకు ఐదారు గంటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉంటాను.

ఇప్పుడున్నవి క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూత ఉన్నవి), రెగ్జిన్ లాంటి కుషన్లు. గంట దాటేసరికి చెవులు ఉడికిపోతున్నాయి. ఎండాకాలంలో మాటిమాటికీ తీసి, చెవులూ కుషన్లూ తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చింది. కళ్ళజోడు ఉంది. దిద్దులు కూడా పెట్టుకుంటాను, తీసే అలవాటు లేదు. సాయంత్రానికి కుడి చెవి వెనక దిద్దు శీల గుచ్చుకున్న చోట ఎర్రగా కందిపోతోంది. పోయిన వారం రెండు రోజులు ఆ వైపు తిరిగి పడుకోలేకపోయాను.

ఓపెన్ బ్యాక్ (వెనక మూత బదులు జాలీ ఉన్నవి) అయితే గాలి ఆడుతుందని విన్నాను. బడ్జెట్ 15 వేలు, మరీ తప్పదంటే 18. ల్యాప్‌టాప్‌కే పెట్టుకుంటాను, విడిగా ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫైయర్) ఏమీ లేదు. బేస్ అదరాలని లేదు, మనిషి గొంతు ఉన్నది ఉన్నట్టు వినపడాలి. అన్నిటికంటే ముందు నొప్పి ఉండకూడదు. వాడినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

ఓరుగల్లు_రవం · హనుమకొండ

అక్కా, బేయర్‌డైనమిక్ డిటి 990 ప్రో చూడండి. నా దగ్గర మూడేళ్ళ నుంచి ఉంది. 250 గ్రాములే. కుషన్లు వెల్వెట్ లాంటి గుడ్డవి, లోపల గుండ్రంగా వెడల్పుగా ఉంటాయి, చెవి మొత్తం లోపలికి వెళ్ళిపోతుంది. ఎండల్లో కూడా అతుక్కోదు.

రెండు విషయాలు ముందే చెప్తున్నా. ఒకటి, పైస్థాయి (ట్రెబుల్) బాగా ఎక్కువ. స, ష అక్షరాలు గుచ్చుకుంటాయి. నేను గేమ్స్‌కి వాడతాను కాబట్టి నాకు ఇబ్బంది లేదు, రోజంతా మనుషుల గొంతులే వినాలంటే మీకు అలసట రావచ్చు. రెండోది, వైరు ఊడదు. స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, బరువు కిందికి లాగుతుంది.

శ్రుతిపెట్టె · విశాఖపట్నం

అమ్మా, నేను కర్ణాటక సంగీతం వినేవాణ్ణి. పన్నెండేళ్ళుగా సెన్‌హైజర్ హెచ్‌డి 600 నా దగ్గర ఉంది. 1997లో వచ్చిన మోడల్, ఇప్పటికీ అమ్ముతున్నారు. గొంతు విషయంలో దాన్ని మించినది ఈ ధరల్లో నేను వినలేదు. గాయకుడు పల్లవి ఎత్తుకునే ముందు గొంతు సవరించుకోవడం కూడా పక్కన కూర్చుని విన్నట్టు ఉంటుంది. మృదంగంలో ఎడమ వైపు తొప్పి మీద గుమికి మాత్రం కొంచెం పలచబడుతుంది. ఓపెన్ బ్యాక్‌లో అడుగు బేస్ తగ్గడం మామూలే.

మీ బడ్జెట్‌కి కొత్తది అందదు, అందుకే దాన్ని కొనమని చెప్పడం లేదు. కానీ దాని నుంచి నేను నేర్చుకున్నది ఒకటి చెప్తాను. కొన్న కొత్తలో అది నా తలని పట్టుకారుతో పట్టినట్టు పట్టింది. రెండు వారాలు తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాను. తరవాత ఒక మిత్రుడు చూపించాడు. పట్టీని పూర్తిగా బయటికి లాగితే రెండు వైపులా స్టీలు పలకలు కనపడతాయి. వాటిని రెండు చేతులతో మెల్లగా, కొద్దికొద్దిగా బయటికి వంచాలి. ఆ సాయంత్రం నుంచి ఇవాళ్టి దాకా నొప్పి లేదు. బరువు 260 గ్రాములు అలాగే ఉంది, మారింది పట్టు మాత్రమే. అందుకని బరువు అంకె ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకండి.

గోదారి_గాలి · రాజమహేంద్రవరం

పట్టు గురించి శ్రుతిపెట్టె గారు చెప్పింది నిజం. బరువుని మాత్రం అంత తేలిగ్గా తీసేయలేం. నేను హైఫైమ్యాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ కొన్నాను. ఈ ధరలో ప్లానర్ (పలచటి పొరతో శబ్దం పుట్టించే రకం) దొరకడమే గొప్ప అని అందరూ అంటే ఆశపడ్డాను. శబ్దం చాలా బాగుంది, బేస్ అడుగు దాకా దిగుతుంది. కానీ 390 గ్రాములు. మొదటి గంట ఏమీ తెలియదు. రెండో గంటకి నడినెత్తి మీద ఒక్క చోటే బరువు దిగుతుంది. మూడో గంటకి మెడ వెనక నరం లాగడం మొదలైంది. నాకు మెడ నొప్పి ముందు నుంచీ ఉంది, కాబట్టి అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పను. ఆరు నెలలకి అమ్మేశాను. మీరు ఆరు గంటలంటున్నారు కాబట్టి నా మాట వినండి, 300 గ్రాములు దాటినవి వద్దు.

కథలపేటిక

అందరికీ థ్యాంక్స్. హెచ్‌ఈ400ఎస్‌ఈ నా లిస్టులో మొదటి స్థానంలో ఉండేది, తీసేశాను. నాకూ మెడ దగ్గర ఇబ్బంది ఉంది.

కళ్ళజోడు, దిద్దుల గురించి ఎవరైనా చెప్తారా? రివ్యూలలో ఎక్కడా దిద్దుల మాటే కనపడలేదు.

మల్లెపందిరి · గుంటూరు

నేను చెప్తాను. ఇంటి నుంచి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తాను, ఎనిమిదేళ్ళ అనుభవం. నాదీ మీ సమస్యే.

దిద్దు ముందు భాగం కాదు బాధ పెట్టేది, వెనక శీల. కుషన్ చెవి మీద కూర్చుంటే, లేదా లోపలి ఖాళీ చిన్నదైతే, తమ్మెని వెనక్కి నొక్కుతుంది. శీల చెవి వెనక ఎముకకి ఆనుతుంది. గంటల తరబడి అలా ఆనితే పుండు పడుతుంది, నాకు పడింది. ఓపెన్ బ్యాక్ అయినంత మాత్రాన ఇది పోదు. పోవాలంటే కుషన్ లోపలి ఖాళీ పొడుగ్గా ఉండాలి, లోతుగా ఉండాలి. కొనే ముందు అద్దం ముందు నిలబడి స్కేలుతో చెవి పై అంచు నుంచి దిద్దు కింది దాకా కొలవండి. నాకు 68 మిల్లీమీటర్లు వచ్చింది. తరవాత చెవి తల నుంచి ఎంత బయటికి ఉందో చూడండి. ఈ రెండు కొలతలు దగ్గర పెట్టుకుని కుషన్ కొలతలు అడిగితే సగం తలనొప్పి తగ్గుతుంది.

నేను పని వేళల్లో శీల లేని చిన్న బంగారు రింగులకి మారాను. తమ్మె చుట్టూ తిరిగేవి. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు, ఆ పుండు చూశాక ఆవిడే రింగులు చేయించారు.

కళ్ళజోడుకి సన్నటి కాడలు ఉంటే మేలు. లావు ప్లాస్టిక్ కాడలని కుషన్ కణత మీద నొక్కేస్తుంది. గుడ్డ కుషన్ మెత్తగా ఉంటే కాడ అందులో దిగిపోతుంది, రెగ్జిన్ కుషన్ గట్టిగా నిలబడి కాడని తల వైపు తోస్తుంది. నా దగ్గర ఉన్నది సెన్‌హైజర్ హెచ్‌డి 560ఎస్. 240 గ్రాములు, గుడ్డ కుషన్లు, కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ. మొదటి పది రోజులు పట్టు ఎక్కువగానే అనిపించింది.

ఓమ్_లెక్క · బెంగళూరు

ఆంప్ లేదన్నారు కాబట్టి ఆ సంగతి నేను చూస్తాను. చాలామంది ఓమ్‌ల అంకె (హెడ్‌ఫోన్స్ కరెంటుకి ఇచ్చే నిరోధం) చూసి భయపడతారు, లేదా తక్కువ ఓమ్‌లుంటే చాలనుకుంటారు. రెండూ పొరపాటే. ఓమ్‌లు, సున్నితత్వం (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో) రెండూ కలిపి చూడాలి.

మీ ల్యాప్‌టాప్ జాక్ గరిష్ఠంగా 1 వోల్టు ఇస్తుందనుకుందాం. వోల్టు వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే పవర్ వస్తుంది. డిటి 990 ప్రో 250 ఓమ్‌లు, అంటే 4 మిల్లీవాట్లు. దాని సున్నితత్వం ఒక మిల్లీవాటుకి 96 డెసిబెల్స్. పవర్ రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ పెరుగుతాయి, కాబట్టి మొత్తం 102. హెచ్‌డి 600 (300 ఓమ్‌లు, 97) కూడా సరిగ్గా అక్కడికే, 102 దగ్గరికే వస్తుంది. హెచ్‌ఈ400ఎస్‌ఈ 25 ఓమ్‌లు, 40 మిల్లీవాట్లు, 107 దాకా వెళ్తుంది. కానీ అందుకు 40 మిల్లీయాంపుల కరెంటు కావాలి, నాసిరకం జాక్‌లు అక్కడే చతికిలబడతాయి. హెచ్‌డి 560ఎస్ 120 ఓమ్‌లు. 1 వోల్టుకి 110 డెసిబెల్స్ అని కంపెనీయే ఇస్తోంది, లెక్క కూడా అక్కర్లేదు.

మాటలు వినేటప్పుడు సగటు 70 దగ్గర ఉంటే, ఉన్నట్టుండి పెరిగే శబ్దాలకి ఇంకో 20 ఇచ్చినా 90. ఈ నాలుగూ మీ ల్యాప్‌టాప్‌తో పలుకుతాయి. 560ఎస్ సులువుగా పలుకుతుంది. ఆంప్‌కి దాచిన డబ్బు ఏమైనా ఉంటే దాన్ని మంచి కుర్చీకి వాడండి.

ఓరుగల్లు_రవం

లెక్క బాగా చెప్పారన్నా. 990 ప్రో నా ఫోన్‌కి పెడితే వాల్యూమ్ దాదాపు చివరికి తోయాల్సి వస్తోంది, ఎందుకో ఇప్పుడు తెలిసింది.

అక్కా, ఇంకో మాట. డిటి 990లో ప్రో కాకుండా ఎడిషన్ అని ఇంకోటి ఉంది. దాని పట్టు ప్రో కంటే వదులు. కావాలంటే అది కూడా చూడొచ్చు. గొంతుల పనికి మాత్రం 560ఎస్ వైపే నేనూ మొగ్గుతాను.

టెక్సస్_తెలుగు · ప్లేనో

అందరూ ఒక ముఖ్యమైన విషయం వదిలేస్తున్నారు. ఫ్యాను.

నేను ఇక్కడ ఆడియో-టెక్నికా ఏడీ700ఎక్స్ వాడతాను. పైన పట్టీకి బదులు రెండు రెక్కలు తల మీద ఆనతాయి, 265 గ్రాములు, పెట్టుకున్నట్టే ఉండదు. మా ఇంట్లో సెంట్రల్ ఏసీ, గదిలో చప్పుడు తక్కువ. గుసగుస కూడా వినపడుతుంది. పోయిన జూన్‌లో తెనాలిలో అమ్మావాళ్ళింటికి తీసుకెళ్ళాను. సీలింగ్ ఫ్యాను అయిదు మీద తిరుగుతోంది. పెట్టుకోగానే ఫ్యాను రొద మొత్తం లోపలికి వచ్చేసింది. ఏమీ పెట్టుకోకుండా వింటే ఎంతుంటుందో దాదాపు అంతే. పాట వినాలంటే వాల్యూమ్ ఎక్కడికో పెంచాల్సి వచ్చింది. నెల రోజుల్లో నాలుగుసార్లు కూడా వాడలేదు.

ఓపెన్ బ్యాక్‌లో స్పీకర్ వెనక వైపు మూత ఉండదు, జాలీ మాత్రమే. లోపలి శబ్దం బయటికి పోతుంది, బయటిది లోపలికి వస్తుంది. గాలి ఆడేది ఆ జాలీ వల్లే, ఫ్యాను రొద వచ్చేదీ దాని వల్లే. మనం చదివే రివ్యూలు చాలావరకు నా గది లాంటి గదుల్లో కూర్చుని రాసినవి. మన ఊళ్ళో మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోలేం కదా.

కథలపేటిక

ఇది నేను అసలు ఆలోచించనే లేదు. నా బల్లకి సరిగ్గా పైనే ఫ్యాను ఉంది. పెదవుల చప్పుడు లాంటి చిన్న శబ్దాలు పట్టుకోవాలి నేను. ఫ్యాను రొదలో అవి కలిసిపోతే పని చెడిపోతుంది. ఇప్పుడు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. ఓపెన్ బ్యాక్ నాకు పనికిరాదంటారా?

శ్రుతిపెట్టె

పనికొస్తుందమ్మా, కంగారు పడకండి. నాకూ సీలింగ్ ఫ్యానే. బల్లని ఫ్యాను కింద నుంచి జరిపి గది మూలకి తెచ్చుకున్నాను. రెగ్యులేటర్ రెండు మీద ఉంచుతాను. ఒక చిన్న టేబుల్ ఫ్యాను బల్ల కింద, కాళ్ళకి తగిలేలా పెట్టుకున్నాను. గాలి చెవి పక్కనుంచి పోకపోతే రొద చాలా తగ్గుతుంది. జాలీ మీద నేరుగా గాలి కొడితే మాత్రం బుస్సుమని వినపడుతుంది, ఎంత మంచి హెడ్‌ఫోన్స్ అయినా అంతే.

ఓమ్_లెక్క

ఇంకో కారణానికి కూడా ఫ్యానుని సీరియస్‌గా తీసుకోవాలి. చుట్టూ రొద ఉంటే తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. 3 డెసిబెల్స్ పెంచితే గంటలు సగానికి పడిపోవాలి, అంటే 83 దగ్గర 20 గంటలే. కథలపేటిక గారు రోజుకు ఆరు గంటల చొప్పున ఆరు రోజులు, 36 గంటలు వింటున్నారు. మీకు ఇది ఉద్యోగం, చెవులే పనిముట్లు. ఫ్యాను కోసం వాల్యూమ్ పెంచడం అలవాటు చేసుకోకండి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఒకసారి సరిపోయే వాల్యూమ్ చూసుకుని, ఆ గీత దగ్గరే ఆపండి.

పెదవుల చప్పుళ్ళ గురించి నా సలహా: పాత క్లోజ్డ్ బ్యాక్ పారేయొద్దు. కోతలు, అమరికలు, గొంతు సవరింపు అంతా ఓపెన్‌లో చేసుకోండి. చివర్లో ఒక్క ముప్పావుగంట చిన్న చప్పుళ్ళ కోసం క్లోజ్డ్ పెట్టుకోండి.

మల్లెపందిరి

మీరు ఎప్పుడైనా రికార్డింగ్ కూడా చేస్తే అప్పుడూ క్లోజ్డే కావాలి. ఓపెన్ బ్యాక్ శబ్దం మైకులో పడుతుంది. మా అక్క అలాగే ఒక కథ మొత్తం మళ్ళీ చదవాల్సి వచ్చింది. పడకగదిలో పని చేస్తే, పక్కన ఎవరైనా పడుకుంటే వాళ్ళకీ కొంచెం వినపడుతుంది. గొంతులే కాబట్టి మా ఇంట్లో సర్దుకున్నారు.

గోదారి_గాలి

కొనే చోటు గురించి జాగ్రత్త. నేను ఇంకో జత తక్కువకి వస్తుందని ఒక అమ్మకందారు దగ్గర ఆర్డర్ పెట్టాను. కుడి వైపు నెలకే మూగబోయింది. బయటి దేశం నుంచి విడిగా తెప్పించిన సరుకట, ఇక్కడ వారంటీ చెల్లదన్నారు. రెండు వేలు మిగిలాయనుకుంటే మొత్తం పోయింది. ఇండియా వారంటీ ఉందో లేదో బిల్లు మీద రాయించుకోండి. పెట్టుకుని చూశాక వెనక్కి తీసుకుంటారో లేదో కూడా ముందే అడగండి. సౌకర్యం అనేది మీ తల మీద పెడితే తప్ప తెలిసేది కాదు.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. అమ్మకాల లింకులు ఇక్కడ పెట్టవద్దని మనవి. ధరలు వారానికోలా మారుతున్నాయి, కొనే రోజున చూసుకోగలరు.

కథలపేటిక · మూడు వారాల తరవాత

ఆలస్యమైనందుకు మన్నించండి. వాడి చూశాకే రాయాలనుకున్నాను.

హెచ్‌డి 560ఎస్ తీసుకున్నాను. ఆఫర్లో 15 లోపే వచ్చింది, బిల్లు మీద ఇండియా వారంటీ ఉంది. చెవి కొలిచాను, దిద్దుతో కలిపి 66 మిల్లీమీటర్లు. కుషన్‌లోకి చెవి పడుతోంది, తమ్మె అంచు మాత్రం కొద్దిగా తగులుతోంది. మల్లెపందిరి గారు చెప్పినట్టు పని వేళల్లో రింగులకి మారాను. కందిన చోట మచ్చ కూడా పోయింది.

మొదటి మూడు రోజులు కణతల దగ్గర గట్టిగా పట్టింది. దీనికి హెచ్‌డి 600లా స్టీలు పలకలు కనపడలేదు, అందుకని వంచలేదు. రాత్రిపూట నా తల కంటే ఒక వేలు వెడల్పు ఎక్కువ వచ్చేలా పుస్తకాలు పేర్చి వాటికి తగిలించి ఉంచాను. నాలుగో రాత్రికి వదులైంది. మరీ వెడల్పు పెట్టలేదు, ప్లాస్టిక్ విరుగుతుందేమోనని భయం. నిన్న మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నదాన్ని, నాలుగున్నరకి పాప బడి నుంచి వచ్చి భుజం తట్టేదాకా తీయనే లేదు. అంతకు ముందు గంటకోసారి తీసేదాన్ని.

బల్ల మూలకి జరిపాను. ఫ్యాను రెండు మీద, కాళ్ళ దగ్గర టేబుల్ ఫ్యాను. రొద పూర్తిగా పోలేదు, కానీ కథ మీద ధ్యాస పెడితే అడ్డు రావడం లేదు. చివరి ముప్పావుగంట క్లోజ్డ్‌లో వింటున్నాను. ఒక పెద్దావిడ చదివిన కథలో ‘ళ’ పలికినప్పుడల్లా నాలుక పైకి తగిలే చిన్న టక్కు ఉంటుంది. ఓపెన్‌లో విన్నాక అది చప్పుడు కాదని, ఆవిడ పలుకులో భాగమని తెలిసి తీసేయకుండా ఉంచేశాను.

ఒక్కటే ఇబ్బంది. వైరు 3 మీటర్లు, కుర్చీ చక్రాల కింద పడుతోంది. లావు పిన్ను కాబట్టి ల్యాప్‌టాప్‌కి పెట్టాలంటే కూడా ఇచ్చిన అడాప్టర్ తగిలించాలి, అదీ వేలాడుతోంది.

ఓమ్_లెక్క

వైరు ఊడదీయొచ్చు. కప్పు దగ్గర కొంచెం తిప్పి లాగండి, లాక్ ఉంటుంది, నేరుగా లాగొద్దు. 2.5 మిల్లీమీటర్ల లాక్ పిన్ను ఒక వైపు, 3.5 ఇంకో వైపు ఉన్న పొట్టి వైరు ఒకటి తీసుకోండి. అడాప్టర్ బరువు ల్యాప్‌టాప్ జాక్ మీద పడటం మంచిది కాదు.

మల్లెపందిరి

సంతోషంగా ఉందండీ. తలకి కొబ్బరినూనె రాసుకున్న రోజు ఒక పలచటి నూలు రుమాలు పట్టీ మీద కప్పుకోండి. గుడ్డ కుషన్లకి నూనె పడితే గట్టిపడతాయి. ఊడదీసి, తక్కువ సబ్బుతో గోరువెచ్చని నీళ్ళలో చేత్తో నొక్కి ఉతకండి, పిండొద్దు. నీడలో ఆరబెట్టాలి. పూర్తిగా ఆరడానికి నాకు ఒకటిన్నర రోజు పడుతుంది, అందుకని ఆదివారం పెట్టుకుంటాను.

ఓరుగల్లు_రవం

అక్కా, ఆ పుస్తకాల పద్ధతి నా 990 ప్రోకి కూడా చేసి చూస్తా. ఎన్ని రాత్రులు ఉంచారు?

కథలపేటిక

నాలుగు రాత్రులు. రోజూ పొద్దున పెట్టుకుని చూసి, చాలనిపించాక ఆపేశాను. మీది పూర్తిగా వదులు చేయకండి తమ్ముడూ, కుషన్ చెవి చుట్టూ ఆనకపోతే ఉన్న బేస్ కూడా పోతుంది.